పదకొండు నిమిషాల ఆవిరి

పర్లాకిమిడి పాత బస్టాండు వెనక
స్టవ్వులు బాగుచేసే కొట్టు నాది.
పంపు వాషర్లు, పిన్నులు, నోరు పూడిన బర్నర్లు,
గోడ మేకుకి మా అయ్య టోపీ.
నౌపడా షెడ్డులో ముప్పైయొక్క ఏళ్లు ఫిట్టరు.

నిన్న మధ్యాహ్నం విభూతి గొమాంగో వచ్చాడు
గుణుపురం నుంచి, ఒళ్ళో అట్టపెట్టెతో.
"సూడక్కా, నిజం ఆవిరితోనే నడుస్తాదంట.
మూడువేల ఏడొందలు.
మోసపోనానేటి?"

పెట్టెలో రద్దీ కాగితాల మధ్య
జానెడు ఇంజను, పచ్చరంగు.
గోరుతో గీకితే
ఇత్తడి పళ్ళు బయటపెట్టింది.

రంగు నేను చూడను.
పెళ్ళిచూపుల్లో పౌడరు చూసి
తరవాత నెత్తి బాదుకున్న వాళ్ళు
మా వీధిలోనే నలుగురున్నారు.

ముందు వెల్లకిలా తిప్పుతాను.
ఎవరూ చూడరనుకున్న చోటే
చేసినవాడి బుద్ధి ఉంటుంది.
ఫ్రేము అంచులు నున్నగా ఉన్నాయి,
లోపలివైపు కూడా ఆకురాయి తిరిగింది.
ఒక్క మూల మాత్రం గరుకు.
ఆ పూట అతనికి ఆకలేసిందేమో,
మేస్త్రీ కేకేశాడేమో.

చక్రం వేలితో తిప్పాను. ఒకచోట బిగిసింది.
మళ్ళీ తిప్పాను. మళ్ళీ అక్కడే.
"చోటు మార్చి పట్టేస్తే మురికే అమ్మా,
ఒక్కచోటే పట్టేస్తే వంకర.
మురికికి కిరసనాయిలు చాలు,
వంకరకి ఓపిక కావాలి."
అయ్య ఇంజన్ల గురించే అన్నాడనుకుంటాను.

ఆవిరి గొట్టానికి నోరు ఆనించి ఊదాను.
నాలిక మీద పాత నూనె.
సిలిండరు తల ఊపింది,
సంతలో బేరం కుదిరిన మనిషిలా.

ఇక బాయిలరు.
ఇక్కడ నేను తొందరపడను.
తగరంతో అతికి ఉంటే
నీళ్ళు ఇంకిన మరుక్షణం అతుకు కారిపోతుంది.
కళ్ళద్దాలు తుడుచుకుని
గుమ్మం వెలుతురులో పట్టి చూశాను:
వెండి టంకం. సన్నటి తెల్ల గీత
ఎక్కడా తెగకుండా చుట్టూ తిరిగొచ్చింది.
రంగు దగ్గర మిగిల్చిన డబ్బు
ప్రాణం ఉండే చోట పెట్టాడు, ఎవడో మహానుభావుడు.

చవక వేరు. చౌకబారు వేరు.

ఈల మాత్రం ఉత్త అలంకారం.
లోపల బెజ్జమే లేదు.

సిరంజితో ముప్పై మిల్లీలీటర్ల వాననీళ్ళు,
దీపంలో స్పిరిటు,
కొట్టు గచ్చు మీద రేకు పట్టాల చుట్టు.
అగరొత్తుల పాణిగ్రాహి వచ్చి నిలబడ్డాడు,
"కేతే టంకా?" అంటూ.
ఎవరూ బదులియ్యలేదు.

నాలుగో నిమిషానికి సేఫ్టీ వాల్వు బుసకొట్టింది.
ఇంజను కదల్లేదు.
వేలితో చిన్నగా నెట్టాను.
వేడినీళ్ళు ఉమ్మింది, నా చీర కుచ్చెళ్ళ మీద,
మరోసారి ఉమ్మింది, అప్పుడు కదిలింది.

ఒక అడుగు పొడుగు, ఒక అడుగు పొట్టి.
కుంటుతూనే తిరిగింది.
మరిగిన నూనె వాసన లేచింది.
సాయంత్రం డ్యూటీ దిగొచ్చిన చొక్కా,
దండెం మీద, ఎవరూ తాకకూడనిది.
చిన్నబండి పట్టాలు పీకేసిన ఏడు
అయ్య ఆ చొక్కా తనే ఉతుక్కున్నాడు.

పదకొండు నిమిషాలు.
గడియారం చూసింది పాణిగ్రాహి.

"మోసపోనానా అక్కా?"

"బాయిలరు దగ్గర లేదు.
ఈల దగ్గర అవును.
వంకర సంగతి ఆదివారం రా, చెప్తాను."

వాడు వెళ్ళాక ఇరుసు ఊడదీసి
రాతిపలక మీద దొర్లించాను.
వెంట్రుకవాసి. అంతే.
కొయ్యసుత్తితో రెండు దెబ్బలు,
దొర్లించడం, మళ్ళీ ఒక దెబ్బ.
దీపాలు పెట్టే వేళ దాటిపోయింది.

కూలి ఎంతో చెప్పడమే మరిచాను.